చెవిన పెట్టకూడని సలహాలు

చెవి దురదగా ఉందని పదిమందిలో అనండి, పది వైద్యాలు చెబుతారు. నూనె కాచి పొయ్యమని ఒకరు, గుబిలి తీయించమని ఒకరు, ఫలానా చుక్కలు వేస్తే రెండు రోజుల్లో పోతుందని ఇంకొకరు. చెప్పేవాళ్ళంతా మన మేలు కోరేవాళ్ళే కాబట్టి కాదనడం కష్టం. కానీ నెలల తరబడి దురదతో, రసితో, రాలే పొట్టుతో బాధపడేవాళ్ళను కదిపి చూస్తే, చాలామందికి జబ్బు ముదిరింది అశ్రద్ధ వల్ల కాదు, శ్రద్ధ ఎక్కువై. చెవిలో రోజూ ఏదో ఒకటి వేస్తూనే ఉంటారు. వేసినదాంట్లోనే వాళ్ళ ఒంటికి పడని వస్తువు ఉంటుంది.

నేను చెబుతున్నది కర్ణభేరికి ఇవతలి భాగం గురించి. బయటి రంధ్రం నుంచి కర్ణభేరి దాకా పెద్దవాళ్ళలో సుమారు రెండున్నర సెంటీమీటర్ల గొట్టం ఉంటుంది. దాని గోడల మీద ఉన్నది చర్మమే. బయటివైపు మూడో వంతులో వెంట్రుకలు, గుబిలి తయారుచేసే గ్రంథులు ఉంటాయి. లోపలి రెండు వంతుల్లో అవేమీ లేవు. అక్కడ బాగా పల్చటి చర్మం నేరుగా ఎముకను అంటిపెట్టుకుని ఉంటుంది. చేతి మీద, మెడ మీద ఎగ్జిమా ఎలా వస్తుందో ఈ గొట్టంలోనూ అలాగే వస్తుంది. పడని వస్తువు తగిలి వచ్చే ఈ వాపును చర్మ వైద్యులు అలర్జిక్ కాంటాక్ట్ డెర్మటైటిస్ అంటారు. చెవి వైద్యులు ఎగ్జిమాటస్ ఒటైటిస్ ఎక్స్‌టర్నా అని రాస్తారు. ఎవరెలా పిలిచినా ఇది చర్మం జబ్బు. చుండ్రు ఎక్కువగా ఉన్నవాళ్ళకీ, సోరియాసిస్ ఉన్నవాళ్ళకీ కూడా చెవి గొట్టంలో దురద, పొట్టు రావచ్చు. వాళ్ళకి తలకు వైద్యం జరిగితే చెవి కూడా కుదుటపడుతుంది. చర్మం జబ్బు అన్న సంగతి మరిచిపోయి ఇచ్చే సలహాలే ఇక్కడ రాస్తున్నాను.

“గుబిలి పేరుకుంది, తీసెయ్యి”

దురద అంటే మురికి అనుకోవడం దగ్గరే తప్పుదారి మొదలవుతుంది. గుబిలి మురికి కాదు. చర్మానికి నీళ్ళు అంటనివ్వని జిడ్డు, కాస్త ఆమ్లగుణం, సూక్ష్మజీవుల్ని ఎదిరించే లైసోజైమ్ లాంటి పదార్థాలు అందులో ఉన్నాయి. గొట్టంలోని చర్మం కర్ణభేరి దగ్గర నుంచి బయటివైపుకు, ఇంచుమించు గోరు పెరిగే వేగంతో జరుగుతూ పాత గుబిలిని తనతో పాటు బయటికి తెస్తుంది. మాట్లాడేటప్పుడు, అన్నం నమిలేటప్పుడు దవడ కదలిక దానికి తోడవుతుంది. చాలామంది చెవులకు ఇంతకు మించిన శుభ్రత అక్కర్లేదు. ఎప్పుడన్నా గట్టిపడి చెవి మూసుకుపోతే చెవి డాక్టరు లోపలికి చూస్తూ తీస్తారు. ఇక ఏళ్ళ తరబడి ఎగ్జిమా ఉన్న చెవిలో తరచుగా గుబిలే ఉండదు. గొట్టం పొడిబారి, నున్నగా మెరుస్తూ, అక్కడక్కడ పొట్టు లేచి ఉంటుంది. లేని గుబిలి కోసం రోజూ తవ్వుతూ ఉంటారు.

మన ఇళ్ళలో చెవిలో తిప్పే సామాను ఒకసారి చూడండి. తలపిన్ను, పిన్నీసు, అగ్గిపుల్ల, బండి తాళంచెవి, పెన్ను మూత, కొన్నిచోట్ల కోడి ఈక. మధ్యాహ్నం భోజనమయ్యాక కుర్చీలో వెనక్కి వాలి, కళ్ళు సగం మూసుకుని, తలపిన్ను వంగిన వైపును చెవిలో మెల్లగా తిప్పేవాళ్ళు లేని ఇల్లు అరుదు. ఆ నిమిషానికి ప్రాణం లేచొచ్చినట్టే ఉంటుంది. పిన్ను కొస గీసుకున్న చోట చర్మం కంటికి కనపడనంత సన్నగా చిట్లుతుంది. అందులోంచి రసి ఊరుతుంది, ఆరి పొర కడుతుంది, పొర కింద మళ్ళీ దురద లేస్తుంది. రెండోసారి పిన్ను ఇంకాస్త గట్టిగా తిరుగుతుంది. కొరివితో తల గోక్కోవడం ఇదే. కాటన్ బడ్ మెత్తగా ఉంటుంది కదా అంటారు. అది గుబిలిని లోపలికి నెడుతుంది, చర్మం మీది జిడ్డును తుడిచేస్తుంది. చెవి గొట్టంలో పెట్టవద్దని చాలా కంపెనీలు ఆ పెట్టె మీదే అచ్చు వేస్తాయి. బజారులో కూర్చుని సన్నటి ఇనుప పుల్లతో చెవులు శుభ్రం చేసేవాళ్ళ దగ్గరికి మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వెళ్ళవద్దు. ఒకరి చెవిలోని చీము ఇంకొకరి చెవిలోకి చేరడానికి అంతకంటే దగ్గరి దారి లేదు.

“ఒక్క రోజుకే కదా, ఏ కమ్మలైతేనేం”

ఆ తలపిన్నుకు, పిన్నీసుకు పూత పూసే లోహాల్లో నికెల్ ఒకటి. వన్ గ్రామ్ గోల్డ్, రోల్డ్ గోల్డ్ నగల్లో పైపూత అరిగాక చర్మానికి తగిలేది తరచుగా ఇదే. పెళ్ళికి పెట్టుకున్న బుట్టలు మర్నాటికో మూడో నాటికో చెవి తమ్మెను ఎర్రగా చేసి రసి కార్పించడం ఆడవాళ్ళకు కొత్త సంగతి కాదు. “నాకు బంగారం తప్ప పడదమ్మా” అనే ఆవిడ డాబుకు అంటోందని నవ్వేవాళ్ళున్నారు. నవ్వవద్దు. ఆవిడకు ఉన్నది చాలావరకు నికెల్ అలర్జీ. అది ఒకసారి వస్తే సాధారణంగా జీవితాంతం ఉంటుంది. అలాంటి మనిషి తలపిన్నుతో చెవి గోక్కున్నప్పుడు, పడని లోహాన్ని తెచ్చి చిట్లిన చర్మం మీద రుద్దుకుంటోంది. తమ్మె మీది ఎగ్జిమాకూ గొట్టంలోని దురదకూ సంబంధం ఉండవచ్చన్న ఆలోచన ఇంట్లో ఎవరికీ రాదు.

ఒంటికి తగిలే వస్తువుల్లోంచి ఎంత నికెల్ ఊడి రావచ్చో పరిమితి పెడుతూ యూరోపియన్ యూనియన్ 1994లోనే నిబంధన చేసింది. చెవులు, ముక్కు కుట్టినచోట పెట్టే వాటికి ఆ నిబంధన ఇంకా కఠినం. మన దగ్గర కొనేవాళ్ళే జాగ్రత్త పడాలి. పిల్లకు చెవులు బంగారు తీగతోనే కుట్టించాలి, లేదంటే టైటానియంతో. పచ్చి పుండులో నికెల్ ఉన్న పోగు పెడితే ఆ అలర్జీని మనమే చేతులారా అంటించినట్టు. తెల్ల బంగారంలో నికెల్ కలిపే రకాలున్నాయి, అడిగి కొనండి.

“రెండు చుక్కలు నూనె కాచి పొయ్యి”

కోడలు చెవి పట్టుకుని కూర్చుంటే అత్తగారు ఊరుకోలేరు. “వెల్లుల్లి రెబ్బ వేసి కాచిన నూనె పొయ్యవే, పొద్దుటికి తగ్గకపోతే అడుగు” అంటారు. వెల్లుల్లి రసం మామూలు చర్మాన్నే పొక్కిస్తుంది, అలర్జీ కూడా తెస్తుంది. వంటింట్లో రోజూ వెల్లుల్లి ఒలిచేవాళ్ళ వేళ్ళ కొసలు పగలడానికి అదొక కారణం. ఉల్లి రసం, తమలపాకు రసం, చనుబాలు కూడా అంతే, చిట్లిన చర్మం మీద పోయవలసినవి కావు. కర్ణభేరికి చిల్లు ఉందో లేదో ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉంటే పోసిందంతా నడిమి చెవిలోకి దిగుతుంది. అన్నిటికంటే నాకు భయం వేసేది బూజు. కోస్తా ఉక్కపోతలో, వానాకాలంలో, నూనెతో తడిసి ఉండే చెవి గొట్టంలో ఆస్పర్‌జిల్లస్, కాండిడా జాతి శిలీంధ్రాలు తేలిగ్గా పెరుగుతాయి. తెల్లటి మెత్తటి పదార్థం, దాని మీద నల్లటి చుక్కలు, ఆగని దురద, చెవి దిబ్బడ ఉంటే అది బూజు కావచ్చు. దానికి మందు వేరు. అలర్జీకి వాడే స్టెరాయిడ్ ఒక్కటే వేస్తే బూజు ఇంకా పెరుగుతుంది. అందుకే దురద ఒకటే అయినా చెవిలోకి దీపం వేసి చూడకుండా మందు రాయకూడదు.

“పోయినసారి చుక్కలే మళ్ళీ వెయ్యి”

అన్నిటికంటే ఎక్కువ మందిని ముంచుతున్న సలహా ఇది. ఇందులో కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

1949లో సెల్మన్ వాక్స్‌మన్, హ్యూబర్ట్ లెషెవాలియే నియోమైసిన్ అనే యాంటీబయాటిక్‌ను కనిపెట్టారు. స్ట్రెప్టోమైసిన్ పనికి 1952లో నోబెల్ బహుమతి అందుకున్న వాక్స్‌మనే ఈయన. నియోమైసిన్ బాక్టీరియాను చంపుతుంది, అందులో అనుమానం లేదు. చౌక కూడా. అందుకని చెవి చుక్కల్లో, కంటి చుక్కల్లో, పుండ్ల మీద చల్లే పొడుల్లో, గాయాలకు రాసే ఆయింట్‌మెంట్లలో ప్రపంచమంతా వాడింది. అయితే ఎగ్జిమా ఉన్న చర్మం మీద పదేపదే పడితే అలర్జీ తెచ్చే మందుల్లో ఇది ముందు వరసలో ఉంటుంది. జనానికి తెలియాలని అమెరికాలోని కాంటాక్ట్ డెర్మటైటిస్ సొసైటీ 2010కి దీన్ని ‘ఆ ఏటి అలర్జీ కారకం’గా ప్రకటించింది.

దీన్ని పట్టుకోవడం ఎందుకు కష్టమో చూడండి. ఈ రకం అలర్జీ రొయ్యలు తిన్న అరగంటకు దద్దుర్లు లేచినట్టు అప్పటికప్పుడు బయటపడదు. మందు తగిలాక ఒకటి రెండు రోజులకు, ఒక్కోసారి ఇంకా ఆలస్యంగా చర్మం తిరగబడుతుంది. సోమవారం వేసిన చుక్కలకూ బుధవారం రేగిన దురదకూ ముడిపెట్టే మనిషి ఎవరు? పైగా చాలా చుక్కల్లో నియోమైసిన్‌తో పాటు స్టెరాయిడ్ కలిసి ఉంటుంది. నియోమైసిన్ రేపిన మంటను స్టెరాయిడ్ కొంత అణచిపెడుతుంది. వేసినన్నాళ్ళూ ఫరవాలేదనిపిస్తుంది, ఆపగానే రేగుతుంది. “చూశావా, ఆపితే వస్తోంది, ఇంకో సీసా వాడు” అంటారు. అలా ఏడాది గడిచిపోతుంది.

ఒక గుర్తు చెబుతాను, అద్దం ముందు నిలబడి చూసుకోండి. చుక్కలు వేశాక పొంగిన మందు చెవి దొప్ప లోపలి గుంటలోంచి, తమ్మె పక్కగా, మెడ మీదికి జారుతుంది. ఎరుపు, చిన్న చిన్న నీటి పొక్కులు, రసి ఆ జారిన దారి వెంటే చారలా కనిపిస్తే మందు మీదే అనుమానపడాలి. ఎడమ చెవికే మందు వేస్తుంటే చార ఎడమవైపే ఉంటుంది. సూక్ష్మజీవులకు మందు కారే దారి తెలియదు.

అనుమానం వచ్చాక కూడా ఒక పొరపాటు జరుగుతుంది. ఈ సీసా పడలేదని మెడికల్ షాపులో ఇంకో సీసా అడుగుతారు. అందులో జెంటామైసినో, టోబ్రామైసినో, ఫ్రామైసెటినో ఉంటుంది. ఇవన్నీ ఒకే కుటుంబం. నియోమైసిన్ పడనివాళ్ళలో చాలామందికి ఇవీ పడవు. యాంటీబయాటిక్ కాక, మందు చెడిపోకుండా కలిపే బెంజాల్కోనియమ్ క్లోరైడ్, మందును కరిగించి ఉంచే ప్రొపిలీన్ గ్లైకాల్ పడనివాళ్ళూ ఉన్నారు. అరుదుగా స్టెరాయిడే పడదు.

“అన్నా, దురదకేమన్నా ఇవ్వు” అంటే కౌంటరు మీదికి వచ్చే మూడు మందులు కలిసిన క్రీముల సంగతి ఇంకా ఘోరం. క్లోబెటసాల్ అనే చాలా ఘాటైన స్టెరాయిడ్, బూజు మందు, వాటితో మళ్ళీ నియోమైసిన్. మొదటి రెండు రోజులు అద్భుతం చేస్తుంది. వారాల తరబడి రాస్తే చర్మం పల్చబడుతుంది. చర్మానికి రాసే స్టెరాయిడ్లను చీటీ లేకుండా అమ్మకూడదని 2018లో కేంద్ర ప్రభుత్వం షెడ్యూల్ హెచ్‌లో చేర్చింది. అయినా అమ్ముతున్నారు, కొంటున్నాం. చెవిలో నిజంగా చీము పట్టినప్పుడు యాంటీబయాటిక్ చుక్కలు కావలసిందే, వాటిని తక్కువ చెయ్యడం లేదు. ఏ చెవికి, ఏ మందు, ఎన్నాళ్ళు అన్నది పాత సీసా చెప్పలేదు.

“సెట్రిజిన్ వేసుకో, వంకాయ మానెయ్యి”

సెట్రిజిన్ లాంటి బిళ్ళలు హిస్టమిన్ అనే పదార్థాన్ని అడ్డుకుంటాయి. తుమ్ములకు, దద్దుర్లకు బాగా పనిచేస్తాయి. చెవి గొట్టంలో జరిగేది వేరే రకం అలర్జీ. అక్కడ తిరగబడేవి తెల్ల రక్తకణాల్లో టి కణాలు. బిళ్ళ వేసుకుంటే, ముఖ్యంగా మత్తుగా ఉండేదైతే, రాత్రి నిద్ర పట్టవచ్చు. జబ్బు మాత్రం ఎక్కడిది అక్కడే. వంకాయ, గోంగూర, చేపలు మానేసినా చెవిలో పడుతున్న చుక్కలు మానకపోతే ఏం లాభం?

కారణం తేల్చే పరీక్ష ఉంది. దాని పేరు ప్యాచ్ టెస్ట్. 1895లో జర్మన్ చర్మ వైద్యుడు యోసెఫ్ యాడస్సోన్ దీన్ని మొదటిసారి వివరించాడు, ఇప్పటికీ ఇదే పద్ధతి. అనుమానం ఉన్న పదార్థాలను చిన్న చిన్న గుంటల్లో పెట్టి వీపుకు అంటిస్తారు. 48 గంటలు తడపకూడదు, చెమట పట్టే పని చెయ్యకూడదు. విప్పినప్పుడు ఒకసారి, తర్వాత ఒకటి రెండు రోజులకు ఇంకోసారి చూస్తారు. మన దేశానికి తగినట్టు కూర్చిన ఇండియన్ స్టాండర్డ్ సిరీస్‌లో నికెల్, నియోమైసిన్, జుట్టు రంగుల్లోని పి.పి.డి. అనే రసాయనం, అన్నీ ఉన్నాయి. చాలా మెడికల్ కాలేజీ ఆసుపత్రుల చర్మ విభాగాల్లో ఈ పరీక్ష చేస్తారు. రక్తపరీక్షలకు వేలు పోయమని ఎవరన్నా అంటే, ఈ రకం అలర్జీ రక్తంలో తేలదని గుర్తుంచుకోండి.

“ఇరవై ఏళ్ళుగా ఇదే రంగు వేస్తున్నాను, ఇప్పుడెందుకు పడదు?”

ఇది సలహా కాదు, వాదన. అయినా ఎంతోమంది దీన్ని పట్టుకుని వేలాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. ఈ అలర్జీ పుట్టుకతో రాదు. తగలగా తగలగా ఒక రోజున శరీరం ఆ వస్తువును గుర్తుపెట్టుకుంటుంది, ఆ తర్వాత ప్రతిసారీ తిరగబడుతుంది. ఇరవై ఏళ్ళు పడిందే ఇరవై ఒకటో ఏట పడకపోవచ్చు. జుట్టు రంగు కడిగే నీళ్ళు నుదుటి అంచు మీదుగా, చెవుల వెనకగా జారి గొట్టంలోకీ వెళతాయి. రంగు వేసిన రెండో రోజు చెవి దురద, కనురెప్పల వాపు కలిసి వస్తే కారణం ఎదురుగా ఉన్నట్టే. ఇంట్లో నూరిన గోరింటాకు ఎర్రగా పండుతుంది, అది పడనివాళ్ళు చాలా తక్కువ. గంటలో నల్లగా పండే కోన్‌లో పి.పి.డి. కలిపి ఉండే అవకాశం ఉంది. పెళ్ళికూతురి చేతికి అది పెట్టించకండి. ఆ రోజు పొక్కు లేచిందంటే జుట్టు రంగులతో జీవితాంతం ఇబ్బంది పడుతుంది.

“అలవాటయ్యేదాకా భరించు”

వినికిడి యంత్రం పెట్టుకున్న పెద్దవాళ్ళకు పిల్లలు చెప్పే మాట ఇది. యంత్రంలో చెవిలోకి దూరే అచ్చును చాలాసార్లు యాక్రిలిక్‌తో చేస్తారు. ఆ పదార్థం సరిగా గట్టిపడకుండా మిగిలిన అంశం కొందరికి పడదు. పైగా రోజంతా చెవి మూసుకుని ఉండి లోపల చెమట నిలుస్తుంది. నాన్నగారు యంత్రం తీసి డ్రాయర్లో పెట్టేశారంటే మొండితనం అనుకోకండి, చెవిలోకి చూడండి. అచ్చు ఆకారంలోనే ఎర్రటి మచ్చ ఉందంటే ఆయన భరించలేక తీశారు. అలర్జీ తక్కువగా తెచ్చే పదార్థంతో అచ్చు మళ్ళీ చేయించవచ్చు, గాలి ఆడే రంధ్రం పెట్టించవచ్చు. దురద తగ్గేదాకా ఆ చెవికి విశ్రాంతి ఇచ్చి రెండో చెవికి మార్చవచ్చు. చెవిలో దూర్చే ఇయర్‌బడ్లు పొద్దస్తమానం పెట్టుకునే పిల్లలకూ చెమట, ఒరిపిడి బాధ ఉంటుంది.

“చెవిపోటే కదా, చూద్దాంలే”

షుగర్ ఉన్న పెద్దవాళ్ళకు ఈ మాట చెప్పకండి. దురదగా మొదలైన చెవి రాత్రిళ్ళు నిద్రపట్టనివ్వనంత పోటుగా మారితే, మందు వాడుతున్నా చీము ఆగకపోతే, మూతి ఒక పక్కకు జారినట్టు అనిపిస్తే అది అలర్జీ దాటిపోయింది. సూడోమోనాస్ అనే బాక్టీరియా చెవి గొట్టం నుంచి పుర్రె ఎముకలోకి పాకే ప్రమాదకరమైన జబ్బు ఒకటుంది, అది ఎక్కువగా షుగర్ రోగులకే వస్తుంది. ఆ రోజే పెద్దాసుపత్రికి వెళ్ళాలి. చెవిలో నీళ్ళు కొట్టించుకోవడం కూడా వాళ్ళకు మంచిది కాదు.

మరి ఇంట్లో చెయ్యదగిందేమిటి? చాలా తక్కువ. చెవిలోకి వెళ్ళేవన్నీ ఆపండి. తలస్నానం చేసేటప్పుడు వాసెలిన్ రాసిన దూది ఉండను రంధ్రం బయటివైపు పెట్టుకుని, అయ్యాక తీసి, తుండు అంచుతో బయటి తడి వరకే ఒత్తండి. దురద ఆగకపోతే చెవి బయట చల్లటి తడి గుడ్డ ఆనించండి. గోళ్ళు కత్తిరించుకోండి, నిద్రలో గోక్కునేది ఎక్కువ. డాక్టరు పొట్టు, రసి శుభ్రం చేసి నియోమైసిన్ లేని స్టెరాయిడ్ చుక్కలు రాస్తే చెప్పినన్ని రోజులే వాడండి.

వెళ్ళేటప్పుడు ఒక సంచీలో ఇంతవరకు చెవిలో వేసిన ప్రతి సీసా, ప్రతి గొట్టం, నూనె పేరు, జుట్టు రంగు అట్టపెట్టె, పడని కమ్మల జత పట్టుకెళ్ళండి. ఆ సంచీ ఇచ్చే సమాచారం ఖరీదైన పరీక్షలు కూడా ఇవ్వవు. నియోమైసిన్ పడదని తేలితే ఆ మాట చీటీ మీద రాయించుకుని, వెళ్ళిన ప్రతి డాక్టరుకూ చూపించండి. కంటి డాక్టరుకు తప్పకుండా చెప్పండి, కొన్ని కంటి చుక్కల్లోనూ అదే ఉంటుంది.